ప్లాస్మా గొట్టంలో లైనర్ మార్చే ముందు

పల్స్‌డ్ ఎలక్ట్రోథర్మల్ ప్లాస్మా సోర్స్‌లో, అంటే ఒక్కసారిగా వదిలిన కరెంటుతో ప్లాస్మా పుట్టించే పరికరంలో, కెపాసిటర్ బ్యాంకు (కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ల వరుస) శక్తినంతా కొన్ని మైక్రోసెకన్లలోనో, కొన్ని వందల మైక్రోసెకన్లలోనో సన్నని గొట్టంలోకి వదులుతాం. కిలోఆంపియర్ల కరెంటుకి గొట్టం లోపలి లైనర్ (లోపలి గోడకి తొడిగే గొట్టం) పైపొర ఆవిరై, ఆ ఆవిరే 10,000 కెల్విన్ దాటిన ప్లాస్మాగా బయటికి చిమ్ముతుంది. లైనర్ మారిందంటే ఛాంబర్‌లో మిగిలే వాయువూ మారుతుంది. అందుకే పాత జాగ్రత్తల కాగితం కొత్త లైనర్‌కి పనికిరాదు.

నా లెక్కలో అన్నిటికన్నా భయపడాల్సింది టెఫ్లాన్‌కే. చూడ్డానికి తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, మసి కూడా తక్కువే. కానీ ఆవిరయ్యాక ఫ్లోరిన్ సమ్మేళనాలు వస్తాయి, వాటిలో కొన్ని గాల్లో తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతాయి. అది చర్మంలోకి దిగిపోతుంది, నొప్పి ఆలస్యంగా తెలియొచ్చు. షాట్ (ఒకసారి కరెంటు వదలడం) అయిన వెంటనే ఛాంబర్ తెరవకండి. వాయువుని స్క్రబ్బర్ (విష వాయువుల్ని పట్టేసే పరికరం) గుండా బయటికి లాగి, నైట్రోజన్‌తో కడిగాకే తెరవాలి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ చర్మానికి తగిలితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకోండి. పీవీసీ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, స్టీలుకీ తుప్పు తప్పదు.

పాలికార్బొనేట్, పాలిథిలిన్‌ల బెడద వేరు. హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మసి వస్తుంది. ఛాంబర్‌లో గాలి ఉంటే హైడ్రోజన్ అంటుకోవచ్చు. ఎలక్ట్రోడ్ పక్కన ఇన్సులేటర్ మీద పల్చటి నల్లటి పొర కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి, కార్బన్‌లో కరెంటు పారుతుంది. తర్వాతి షాట్‌లో ఆర్క్ (విద్యుత్ మెరుపు) గొట్టంలోంచి కాకుండా ఆ పొర మీదుగా పోవచ్చు. ఆల్కహాల్ గుడ్డతో తుడిచి, అది పూర్తిగా ఆరాక, ఇన్సులేషన్ కొలిచి చూడండి.

లోహాలైతే కంటికి ఆనని ధూళి. కంప్రెసర్ గాలితో ఊదొద్దు, తడిగుడ్డే వాడండి. బెరీలియం (దీని ధూళి విషం) కలిసిన రాగి ఎలక్ట్రోడ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

ఇక కెపాసిటర్ బ్యాంకు సంగతి. 100 మైక్రోఫారడ్లు 10 కిలోవోల్టులకి ఛార్జ్ అయితే 5,000 జౌళ్లు, మనిషిని చంపడానికి అందులో కొంత చాలు. డిశ్చార్జ్ చేశాక కూడా కెపాసిటర్‌లో వోల్టేజీ మెల్లగా తిరిగి లేస్తుంది. ముందు రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, తర్వాత షార్టింగ్ స్టిక్ (కెపాసిటర్ కొనల్ని కలిపి ఉంచే, ఇన్సులేటెడ్ పిడి ఉన్న కర్ర) తగిలించి, పని అయ్యేదాకా తీయకుండా ఉంచాలి. ఒంటరిగా ఈ పని చేయొద్దు. కళ్లద్దాలు, చెవులకి మఫ్స్ సరేసరి.

కొత్త మెటీరియల్ మొదటి షాట్ తక్కువ వోల్టేజీలోనే కొట్టండి. ముందూ తర్వాతా లైనర్‌ని తూచండి, రంధ్రం ఎంత వెడల్పయిందో కొలవండి. పగులు కనిపిస్తే ఆ లైనర్‌ని ఇంకో షాట్‌కి వాడకుండా, ఏ మెటీరియలో రాసి, మూతపెట్టే డబ్బాలో వేయండి.