లీగ్ దశలోని ప్రతి మ్యాచ్‌కూ విలువ కల్పించడం ఎలా?

బెంగళూరులోని మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ ప్రాంతాల్లో ఉంటూ అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ మీద మనసు పారేసుకున్న తెలుగువారికి చలికాలపు తెల్లవారుజాములు బాగా పరిచయం. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటలకు మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ ఉదయం 5.30కి వస్తుంది. అలారం పెట్టుకుని లేచి, కాఫీ కలుపుకుని టీవీ ముందు కూర్చున్నాక, ఏ ఆటగాడి కోసం నిద్ర మానుకున్నామో అతను మామూలు దుస్తుల్లో బెంచీ మీద కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది. గాయమైతే అర్థం చేసుకోవచ్చు. విశ్రాంతి ఇచ్చామని చెబితే మాత్రం, ఈ మ్యాచ్ తమకు ముఖ్యం కాదని ఆ జట్టే ఒప్పుకున్నట్టవుతుంది.

ఇందులో కోచ్‌ను తప్పుపట్టి ప్రయోజనం లేదు. 82 మ్యాచుల్లో ఒకటి ఓడినంత మాత్రాన తన జట్టుకు పోయేదేమీ లేదని ఆయన లెక్క వేసుకున్నాడు, ఆ లెక్క చాలాసార్లు సరైనదే. కాబట్టి మార్చవలసింది కోచ్ మనసును కాదు, ఆయన ముందున్న లెక్కను. పాయింట్ల పట్టికలో ప్రతి స్థానానికీ దాని కింది స్థానానికీ మధ్య కంటికి కనిపించేంత తేడా ఉంటే లీగ్ దశకు విలువ దానంతటదే వస్తుంది. ప్రొఫెషనల్ లీగును రూపొందించేవారైనా, నాలాగా ఎనిమిది జట్ల వారాంతపు బాస్కెట్‌బాల్ లీగుకు షెడ్యూలు రాసేవారైనా చేయవలసిన పని ఇదే.

ముందుగా షెడ్యూలును పరీక్షించండి

గత సీజన్ షెడ్యూలులోని చివరి మూడో వంతును ముందు పెట్టుకుని, ప్రతి మ్యాచ్ పక్కనా రెండు విషయాలు రాయండి: ఆ రోజు ఉదయానికి పట్టికను బట్టి, ఓడితే మొదటి జట్టు ఏం పోగొట్టుకుంటుంది, రెండో జట్టు ఏం పోగొట్టుకుంటుంది? రెండు చోట్లా రాయడానికి ఏమీ దొరకకపోతే అది మన పత్రికలు అనే నామమాత్రపు మ్యాచ్. ఒక్క జట్టుకే పోయేది ఉంటే అది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ ఒకరు ప్రాణం పెట్టి ఆడుతుంటే ఎదుటివారు కాలక్షేపానికి ఆడతారు, ఆ ఫలితం ఆ మైదానంలో లేని మూడో జట్టు తలరాతను మార్చేస్తుంది.

మా లీగులో ఈ పరీక్ష చేయవలసిన అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. అప్పట్లో ప్రతి జట్టూ మిగతా ఏడు జట్లతో ఒక్కొక్కసారి ఆడేది, మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్‌కు వెళ్ళేవి. చివరి ఆదివారం ఉదయం అగ్రస్థానం ఖాయమైపోయిన జట్టుతో, అవకాశాలు ఎప్పుడో ముగిసిపోయిన ఏడో స్థానం జట్టు ఆడవలసి ఉంది. ఆ జట్టు నుంచి నలుగురే వచ్చారు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల ప్రకారం, నిర్ణీత సమయం దాటిన 15 నిమిషాల్లోగా అయిదుగురు సిద్ధం కాకపోతే ఎదుటి జట్టుకు 20-0తో మ్యాచ్ ఇచ్చేస్తారు. మా రిఫరీ గడియారం పెట్టాడు. అవతలి బెంచీలో సీజనంతా పెద్దగా ఆడే అవకాశం రాని కుర్రాడొకడు ఉన్నాడు. ఆ రోజు తప్పకుండా ఆడిస్తామని కెప్టెన్ మాట ఇవ్వడంతో, కొడుకు ఆట చూద్దామని అతని తల్లిదండ్రులు కడప నుంచి రాత్రి బస్సెక్కి వచ్చారు. ఆ 15 నిమిషాలూ అతను ఫ్రీత్రోలు వేస్తూ గేటు వైపు చూస్తూనే ఉన్నాడు. అయిదోవాడు రాలేదు. రాని ఆటగాడిని నేనేమీ అనలేకపోయాను, అతను రావడానికి మా షెడ్యూలు ఒక్క కారణమూ ఇవ్వలేదు.

పైస్థానాలకు తేడా చూపించండి

ఎన్‌బీఏలో 30 జట్లు ఉంటే, లీగ్ దశ ముగిసే ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి 20 జట్లు ఏదో ఒక రూపంలో బరిలో మిగిలే ఉంటాయి. ప్లేఆఫ్స్‌లో ప్రతి పోరూ ఏడు మ్యాచుల సిరీస్. పట్టికలో పైనున్న జట్టుకు దక్కే ప్రధాన లాభం ఏమిటంటే, ఆ ఏడింటిలో నాలుగు సొంత కోర్టులో ఆడడం. సిరీస్ అయిదో మ్యాచ్‌తోనో ఏడో మ్యాచ్‌తోనో ముగిస్తే తప్ప ఆ అదనపు మ్యాచ్ చేతికి రాదు. అందువల్ల రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఉన్న తేడా, అలసిన ఆటగాడికి రెండు రోజుల విశ్రాంతి ఇవ్వడం కంటే చిన్నదిగా కనిపిస్తుంది.

దీనికి విరుగుడు మనకు బాగా తెలిసిన చోటే ఉంది. ఐపీఎల్‌లో 2011 నుంచి మొదటి రెండు స్థానాల జట్లకు ఫైనల్ చేరడానికి రెండు అవకాశాలు, మూడు నాలుగు స్థానాల జట్లకు ఒక్కటే అవకాశం. 2025 సీజన్ చివరి లీగ్ మ్యాచ్‌ను గుర్తుచేసుకోండి. బెంగళూరుకు అప్పటికే ప్లేఆఫ్స్ బెర్తు ఖాయమైంది, లక్నో అప్పటికే నిష్క్రమించింది. పాత పద్ధతిలో అది నామమాత్రపు మ్యాచే. కానీ గెలిస్తే మొదటి రెండు స్థానాల్లో చోటు దక్కుతుంది కాబట్టి, లక్నో చేసిన 227 పరుగులను బెంగళూరు 18.4 ఓవర్లలోనే ఛేదించింది. జితేశ్ శర్మ అజేయంగా 85 పరుగులు చేశాడు. ఆ గెలుపుతో నేరుగా క్వాలిఫయర్-1 ఆడి, వారం తిరిగేసరికి తొలి టైటిల్ అందుకుంది. 2016లో మన సన్‌రైజర్స్ మూడో స్థానంలో నిలిచి, ఎలిమినేటర్, క్వాలిఫయర్-2 దాటుకుని, ఇదే ఊళ్ళో చిన్నస్వామి స్టేడియంలో బెంగళూరును 8 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచింది. అంటే కింది జట్టుకు దారి మూసేయలేదు, దారిని పొడవు చేశారంతే. నేను చెప్పదలచిన పద్ధతి సరిగ్గా ఇదే.

బాస్కెట్‌బాల్‌కూ ఇది కొత్త కాదు. ప్లేఆఫ్స్‌లో చివరి బెర్తులను తేల్చడానికి ఎన్‌బీఏ 2021 నుంచి అమలు చేస్తున్న ప్లే-ఇన్‌లో, ఏడు ఎనిమిది స్థానాల జట్లకు రెండు మ్యాచుల్లో ఒకటి గెలిస్తే చాలు, తొమ్మిది పది స్థానాల జట్లు వరుసగా రెండూ గెలవాలి. 2023లో మయామి ఏడో స్థానంలో నిలిచి, మొదటి మ్యాచ్ అట్లాంటా చేతిలో ఓడింది. తొమ్మిదో స్థానంలో ఉండి ఉంటే అక్కడితో ఇంటిదారి పట్టేది. రెండో అవకాశంలో షికాగోను ఓడించి ఎనిమిదో సీడ్‌గా ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టి, 58 విజయాలతో తూర్పు విభాగంలో అగ్రస్థానంలో నిలిచిన మిల్వాకీని 4-1తో పడగొట్టి, ఫైనల్ దాకా వెళ్ళింది. లీగ్ దశలో గెలిచిన కొద్దిపాటి మామూలు మ్యాచులు ఆ జట్టుకు ఎంత తెచ్చిపెట్టాయో చూడండి. దక్షిణ కొరియా బేస్‌బాల్ లీగు ఇంకా నిక్కచ్చిగా వ్యవహరిస్తుంది: అక్కడ లీగ్ దశ విజేత నేరుగా ఫైనల్ సిరీస్‌లో ఆడుతుంది, మిగతావారు ఒక్కొక్క మెట్టే ఎక్కి రావాలి.

కాబట్టి కొత్త లీగు పెట్టేవారికి నా సలహా: జట్లలో సగం కంటే తక్కువకే ప్లేఆఫ్స్ బెర్తులు ఇవ్వండి, మొదటి రెండు స్థానాలకు రెండో అవకాశం ఇవ్వండి. సిరీసులు ఆడించే స్తోమత ఉంటే, మూడు మ్యాచుల సిరీస్‌లో పైజట్టుకు ఒక విజయం ముందే జమ చేయవచ్చు. ఇది అన్యాయమని కొందరు అంటారు. నెలల తరబడి చెమటోడ్చి సంపాదించిన స్థానానికి ఏ విలువా లేకపోవడమే పెద్ద అన్యాయమని నా నమ్మకం.

అట్టడుగు జట్లను మరవకండి

పైజట్ల సంగతి ఎంత చక్కదిద్దినా, ఓడిపోతేనే లాభపడే జట్లు కింద ఉన్నంతకాలం పట్టికకు జబ్బు వదలదు. ఎన్‌బీఏలో అధ్వాన్నంగా ఆడిన జట్టుకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వరుసగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో, మంచి యువ ఆటగాడు దొరికే అవకాశం ఎక్కువ. ఒకప్పుడు అట్టడుగు జట్టుకు మొదటి ఎంపిక దక్కే అవకాశం 25 శాతం ఉండేది. ఆ ఎంపిక వరుసను తేల్చే లాటరీలో 2019 నుంచి చివరి మూడు జట్లకూ దాన్ని సమానంగా 14 శాతానికి తెచ్చారు. దీనివల్ల అందరికంటే కింద ఉండాలన్న ఆశ తగ్గింది కానీ, ఓటమికి ప్రతిఫలం ఇవ్వడం మాత్రం ఆగలేదు.

ఇంతకంటే మంచి ఏర్పాటు ఉత్తర అమెరికా మహిళల ఐస్ హాకీ లీగు పీడబ్ల్యూహెచ్ఎల్ చేసింది. 2024లో జరిగిన తొలి సీజన్ నుంచీ అక్కడ, ప్లేఆఫ్స్ అవకాశం పోయిన తర్వాత ఏ జట్టు ఎక్కువ పాయింట్లు సంపాదిస్తే దానికే డ్రాఫ్ట్‌లో ముందు ఎంపిక. బలహీనమైన జట్టు ముందుగానే నిష్క్రమిస్తుంది కనుక దానికి పాయింట్లు కూడబెట్టుకునే మ్యాచులు ఎక్కువ దొరుకుతాయి. సాయం అందవలసినవారికే అందుతుంది, కానీ గెలిస్తేనే అందుతుంది. డ్రాఫ్టు గానీ, ఆటగాళ్ళను పంచుకునే మరో పద్ధతి గానీ ఉన్న ఏ లీగైనా దీన్ని కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు.

ఇంకొక చిన్న నిబంధన. ఫీబా పద్ధతిలో గెలిస్తే 2 పాయింట్లు, ఆడి ఓడితే 1, మ్యాచ్ వదులుకుంటే సున్నా. మన వారాంతపు లీగుల్లో చాలామంది గెలుపులు మాత్రమే లెక్కపెడతారు. ఆ ఒక్క పాయింటు చేర్చి చూడండి, అయిదోవాడు మంచం దిగి వస్తాడు.

మ్యాచుల సంఖ్య, మధ్యలో కప్పు, ఆటగాళ్ళ హాజరు

మ్యాచులు తగ్గించమని చాలామంది అంటారు. ఎన్‌బీఏ 1998-99లో 50 మ్యాచులు, 2011-12లో 66, 2020-21లో 72 ఆడించింది కానీ, మొదటి రెండుసార్లు యాజమాన్యాలకూ ఆటగాళ్ళకూ మధ్య వివాదంతో వచ్చిన లాకౌట్ వల్ల, మూడోసారి కరోనా వల్ల తప్పనిసరై చేసిన పని అది. ప్రతి జట్టుకూ సొంతూళ్ళో 41 రోజుల టికెట్ల ఆదాయం ఉన్నప్పుడు ఎవరూ ఇష్టపడి తగ్గించుకోరు. పైగా, 30లో 20 జట్లు బరిలో మిగిలే లీగులో 82ను 50 చేసినా ఆ 50 కూడా నామమాత్రంగానే మిగులుతాయి. స్థానాలకు తేడా తెచ్చాకే సంఖ్య గురించి ఆలోచించాలి.

సీజన్ మధ్యలో కప్పు పెట్టడం మంచి ఆలోచనే. 2023లో ఎన్‌బీఏ ప్రవేశపెట్టిన టోర్నమెంటులో గ్రూపు మ్యాచులు లీగ్ పట్టికలోనూ లెక్కకు వచ్చాయి, గెలిచిన జట్టులో ఒక్కొక్క ఆటగాడికీ 5 లక్షల డాలర్లు ప్రకటించారు. డబ్బు కంటే ఎక్కువ పని చేసింది, సమానంగా నిలిచిన జట్ల మధ్య తేల్చే పాయింట్ల తేడా. ఆ నవంబరులో షికాగో మీద బోస్టన్ 30 పాయింట్లకు పైగా ఆధిక్యంలో ఉండి కూడా, ఫౌల్‌కు బదులుగా దక్కే ఫ్రీత్రోలు సరిగా వేయలేని ఆంద్రే డ్రమండ్‌ను కావాలని ఫౌల్ చేస్తూ తేడా పెంచుకోవడానికి ప్రయత్నించింది. మర్యాద కాదని కొందరు నొచ్చుకున్నారు. ముగిసిపోయిన మ్యాచ్‌లో చివరి క్వార్టర్ కూడా చూడవలసినదిగా మారిందన్నది మాత్రం నిజం. నెట్ రన్ రేట్ లెక్కలకు అలవాటుపడిన మనవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆటగాళ్ళ హాజరు కోసం పెట్టిన నిబంధనల మీద నాకు అంత నమ్మకం లేదు. 2023-24 నుంచి ప్రధాన అవార్డులకు 65 మ్యాచులు ఆడి ఉండాలన్నారు. ఆ సీజన్‌లో సగటున 34.7 పాయింట్లు చేసిన జోయెల్ ఎంబీడ్, మోకాలి గాయం వల్ల 39 మ్యాచులే ఆడి అవార్డుల రేసు నుంచి తప్పుకోవలసి వచ్చింది. నిజంగా దెబ్బ తగిలినవాడికి కూడా శిక్ష పడే నిబంధన ఇది. వరుస రోజుల్లో మ్యాచులు లేకుండా షెడ్యూలు వేయడం అంతకంటే మేలు.

చివరి రోజును ముందే రూపొందించండి

పెద్ద లీగైతే ఆఖరి రోజు మ్యాచులన్నీ ఒకే సమయానికి మొదలుపెట్టాలి, అవతలి ఫలితం చూసుకుని ఆడే వీలు ఎవరికీ ఉండకూడదు. ఒకే కోర్టు ఉన్న మాబోటివారికి అది కుదరదు కాబట్టి మేము వేరే దారి వెతికాం. ఏడు మ్యాచుల తర్వాత ఎనిమిదో ఆదివారం షెడ్యూలును ఖాళీగా ఉంచి, పట్టిక చూశాక జతలు వేస్తాం: రెండో జట్టుతో మూడోది, నాలుగో దానితో అయిదోది, ఆరో దానితో ఏడోది, ఒకటో దానితో ఎనిమిదోది. మొదటి జతలో రెండో అవకాశం, రెండో జతలో చివరి బెర్తు, మూడో జతలో వచ్చే ఏడాది ఆటగాళ్ళను ఎంచుకునే వరుస పణంగా ఉంటాయి. ఒకటికీ ఎనిమిదికీ మధ్య జరిగేది ఇప్పటికీ కొంత చప్పగానే ఉంటోంది, దానికి మందు ఇంకా దొరకలేదు. పాయింట్లు సమానమైతే ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్ ఫలితం, అదీ తేల్చకపోతే పాయింట్ల తేడా చూస్తామని మొదటి మ్యాచ్‌కు ముందే కాగితం మీద రాసి కెప్టెన్ల సంతకాలు తీసుకుంటాం. ప్రతి ఆదివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పట్టిక పెట్టేటప్పుడు, ఏ జట్టు ఎన్ని గెలిస్తే ఏ స్థానం దక్కుతుందో పక్కనే ఒక వాక్యం రాస్తాం.

ఈ మార్పులు చేసిన మొదటి ఏడాది, ఎనిమిదో ఆదివారం ఉదయం ఆరో జట్టుకూ ఏడో జట్టుకూ మధ్య మ్యాచ్. అంతకుముందు ఏడాది నలుగురితో వచ్చిన జట్టే అందులో ఒకటి. ఆ రోజు తొమ్మిదిమంది వచ్చారు. చివరి నిమిషంలో రెండు పాయింట్ల తేడా ఉండగా వాళ్ళ కోచ్ టైమ్‌అవుట్ తీసుకుంటే, తమ మ్యాచ్ కోసం గట్టు మీద కూర్చున్న నాలుగో జట్టువాళ్ళు షూ లేసులు కట్టుకోవడం ఆపి లేచి నిలబడి చూశారు.