చిన్న విమానాశ్రయానికి స్థలం పరిశీలించే విధానం

నెల్లూరు జిల్లా దగదర్తి వద్ద ప్రతిపాదించిన విమానాశ్రయం వంటి దానికి స్థలం చూసేవారు మొదట గాలిని గమనించాలి. నైరుతి, ఈశాన్య రుతుపవనాల లెక్కలు రెండూ తీసుకుని, అడ్డగాలి (రన్‌వేకు పక్కనుంచి వీచే గాలి) ఇబ్బంది లేకుండా కనీసం 95 శాతం సమయం వాడుకోగల దిశలోనే రన్‌వే గీయాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గాలి పలచబడి, విమానం పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తవలసి వస్తుంది కనుక, పొడవును ఆ మధ్యాహ్నపు వేడికే లెక్కగట్టాలి.

నీటి సంగతి మ్యాపుల్లో పూర్తిగా తేలదని నా అభిప్రాయం. 2021 నవంబరు వరదల్లో నీరు ఎంతవరకు నిలిచిందో అక్కడి రైతులను అడిగి, పాత గోడ మీద బురద చార ఇంకా మిగిలి ఉంటే దాన్ని టేపుతో కొలవాలి.

పక్షులు విమానాలను ఢీకొనే ప్రమాదం ఉంది కనుక, రొయ్యల చెరువుల మీద వాలే కొంగలను తెల్లవారుజామునే లెక్కించాలి. పక్షులు మూగేలా చెత్త పోయడాన్ని విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల నిబంధనలు నిషేధిస్తున్నాయి.