చెలకలో పాత ఆయుధం బయటపడితే ఏం చేయాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చెలకల్లో గుండ్రంగా పేర్చిన బండరాళ్ళ నడుమ, ఊళ్ళలో రాకాసి గూళ్ళని పిలిచే పాతకాలపు సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళు పైబడిన ఈ ఇనుప యుగపు సమాధుల్లో చనిపోయినవారి పక్కన నలుపు ఎరుపు కుండలతో పాటు కత్తులు, బల్లెపు మొనలు, బాకులు, గొడ్డళ్ళు పెట్టేవారు. జేసీబీతో చెలక చదును చేసేటప్పుడో, కాలువ తవ్వేటప్పుడో అలాంటి ఇనుము బయటపడితే ముందుగా యంత్రాన్ని ఆపించండి. వస్తువును చేత్తో లాగకండి, కర్రతో కదపకండి.

ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే నేటి రుమేనియా ప్రాంతంలో ఉండిన డేసియన్ల సంగతి చూడాలి. రోమన్ చక్రవర్తి ట్రాజన్ వారితో క్రీ.శ. 101–102లోనూ, 105–106లోనూ యుద్ధాలు చేసి, ఆ పోరాటాలను రోములో 113లో నిలిపిన స్తంభం మీద చెక్కించాడు. అవి గెలిచినవారు చెక్కించుకున్న బొమ్మలు. డేసియన్ యోధుడు నిజంగా ఏం తొడిగాడో తెలియాలంటే మట్టిలోంచి వచ్చిన వస్తువులే ఆధారం. కుజీర్ అనే చోట ఒక దొరను దహనం చేసిన సమాధిలో రథం, ఇనుప శిరస్త్రాణం, గొలుసు కవచం కలిసి దొరికాయి కాబట్టే ఆ కవచం ఏ స్థాయివాడిదో చెప్పగలిగారు. డేసియన్ల రాజధాని సర్మిజెగెటుసా దగ్గర నిధుల వేటగాళ్ళు మెటల్ డిటెక్టర్లతో తవ్వి దేశం దాటించిన బంగారు కంకణాల్లో కొన్నిటిని తరువాత వెనక్కి తెచ్చారు గానీ, పురావస్తు శాస్త్రవేత్తల కళ్ళ ముందు బయటపడవలసిన ఆధారం తవ్విన నాడే చెదిరిపోయింది. గుప్తనిధుల పేరుతో మన గూళ్ళను తవ్విపోసేవారు చేస్తున్నదీ ఇదే నష్టం.

కాబట్టి వస్తువు ఉన్నచోట ఉండగానే వివరాలు నమోదు చేయండి. పక్కన అడుగుబద్ద పెట్టి పైనుంచి ఒకటి, నాలుగు వైపుల నుంచి నాలుగు ఫోటోలు తీయండి. ఒక ఫోటోలో ఉత్తరం ఎటో బాణం గుర్తుతో చూపండి. తరువాత కదలని గుర్తులు రెండు ఎంచుకుని, అంటే హద్దురాయి ఒకటి, బోరు ఒకటి అనుకుందాం, రెంటి నుంచీ టేపుతో దూరం కొలిచి కాగితం మీద రాసుకోండి. నేల మట్టం నుంచి ఎంత లోతులో ఉంది, మట్టి రంగు ఎక్కడ మారింది, కుండపెంకులు ఏ వైపు ఉన్నాయి, మొన ఎటు తిరిగి ఉంది అన్నవి కూడా రాయండి. జేసీబీ బకెట్టులో అప్పటికే లేచిపోయిన మట్టిని విడిగా కుప్ప పోయించి, అది ఏ మూల నుంచి వచ్చిందో గుర్తు పెట్టండి.

వంపు తిరిగిన ఇనుము కనబడగానే పాత కొడవలి అని గట్టు మీదికి విసరకండి. డేసియన్ల ఫాల్క్స్ అనే కత్తికి పదును వంపు లోపలి వైపే ఉండేది. దాని దెబ్బ కాచుకోవడానికే రోమన్ సైనికులు శిరస్త్రాణాల మీద అడ్డపట్టీలు బిగించుకున్నారని చరిత్రకారుల అభిప్రాయం. అలాగే మడతపడిన కత్తి దొరికితే దాన్ని సాగదీయవద్దు. డాన్యూబ్ నది పరిసరాల యోధుల సమాధుల్లో కత్తిని కావాలనే మడిచి పెట్టిన ఆనవాళ్ళు ఎన్నో ఉన్నాయి. మన చెలకలో దొరికినదాన్ని నాగలి వంచిందో, పాతిపెట్టినవారే వంచారో ఆ మడత మీది తుప్పును చూసి నిపుణులు చెప్పగలరు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది శుభ్రం చేయడంలో. ఇత్తడి బిందెను తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి తోమడం, కిరోసిన్‌లో నానబెట్టడం, నూనె రాయడం, నిప్పుల మీద కాల్చడం, వీటిలో ఏదీ చేయకూడదు. ఆ తుప్పు పొరను భూతద్దంతో చూస్తే ఒక్కోసారి పిడి కర్ర నార గీతలు, చుట్టిన గుడ్డ నేత గళ్ళు ఉన్నవి ఉన్నట్టే అచ్చుపడి కనిపిస్తాయి. కర్రా గుడ్డా ఎప్పుడో చివికిపోయినా, వాటి రూపం ఇనుపతుప్పులో మిగిలింది. ఒక్కసారి ఉప్పుకాగితంతో రుద్దితే అదీ పోతుంది. ఇనుము అప్పటికే మట్టిలోంచి ఊడి వచ్చేసి ఉంటే, అంటుకున్న మట్టితో సహా మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, నీడపట్టున ఉంచండి. ఉపరితలం మీద నారింజరంగు చెమట బొట్లు పుడుతుంటే లోపల ఉప్పు పనిచేస్తూ ఇనుమును తింటున్నదని అర్థం. నిపుణులకు ఆ సంగతి తొందరగా చెప్పండి.

తరువాత తహసీల్దారుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. తెలంగాణ వారసత్వ శాఖకు కబురు చేర్చడానికి నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియం, మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మ్యూజియం సులువైన దారులు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువే. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం నేరం. పాత సామాను కొనేవారు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోకండి. ఫోటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, తెల్లవారేసరికి గుంత పెద్దదవుతుంది.

అధికారులు వచ్చేలోగా వాన వచ్చేలా ఉంటే వస్తువు మీద పల్చని నూలుగుడ్డ పరచి, ఆ గుంతలోంచి తీసిన మట్టినే మెత్తగా కప్పి, పైన టార్పాలిన్ వేయండి. టార్పాలిన్ నేరుగా ఇనుముకు తగలకూడదు, చెమ్మ అక్కడే నిలిచిపోతుంది. చుట్టూ చిన్న కట్ట పోసి నీరు పక్కకు మళ్ళించి, మేకలు, పశువులు తొక్కకుండా ముళ్ళకంప వేయించండి.