చదివింది బోధపడాలంటే: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు జ్ఞాపక సూత్రాలు

పాఠాన్ని గడగడా చదివేసి, ‘ఇందులో ఏం చెప్పారు?’ అని అడగగానే తల దించుకునే పిల్లలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లోనూ కనిపిస్తుంటారు. చదువుతూ తమను తాము ఏమడగాలో వారికి ఎవరూ నేర్పలేదు. ఆ ప్రశ్నలను గుర్తుచేసేదే మంచి జ్ఞాపక సూత్రం. గైడులోని జవాబును బట్టీ పట్టించే సూత్రం వల్ల ప్రయోజనం లేదు. పద్యాల ఛందస్సులో గణాలను గుర్తుపెట్టుకోవడానికి వాడే ‘యమాతారాజభానసలగం’లో ఏ గణం కావాలంటే ఆ అక్షరం నుంచి వరుసగా మూడక్షరాలు తీసుకుని గురులఘువులను విద్యార్థే తేల్చుకుంటాడు. చదువుకూ అలాంటి సూత్రమే కావాలి.

కథనాలకు ఐదు వేళ్లు చాలు. బొటనవేలి నుంచి వరుసగా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఎందుకు అని చెప్పించండి. ఉదాహరణకు భూదానోద్యమం గురించిన పేరా ఇవ్వండి: 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు తమకు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. మొదటి నాలుగు వేళ్లకు జవాబులు ఈ వాక్యంలోనే దొరుకుతాయి. చిటికెన వేలి దగ్గర మాత్రం తొందరపెట్టకండి. ఆ భూమి వారికెందుకు అవసరమైంది, తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన ఆ రోజుల్లో వినోబా ఇక్కడికి ఎందుకు వచ్చారు అన్నవి ముందువెనుక వాక్యాలను కలిపి చూస్తే గాని తేలవు. అవగాహన మొదలయ్యేది అక్కడే కనుక, పీరియడ్‌లో ఎక్కువ సమయం ఆ వేలికే కేటాయించాలి. జవాబు చెప్పిన ప్రతిసారీ దానికి ఆధారమైన వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయించండి.

సమాచార పాఠాలకు ‘సకాపప’ పనికొస్తుంది: సమస్య, కారణం, పరిణామం, పరిష్కారం. నల్లగొండ పిల్లలకు ఫ్లోరైడ్ పాఠం దీనికి చక్కగా సరిపోతుంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మోతాదు మించడం సమస్య, గ్రానైట్ శిలల్లోని ఖనిజాలు నీటిలో కరగడం కారణం, పళ్లు గారపట్టడం, ఎముకలు వంకరపోవడం పరిణామం, పటిక, సున్నంతో నీటిని శుద్ధిచేసే ‘నల్లగొండ పద్ధతి’ ఒక పరిష్కారం. నాలుగు గళ్ల పట్టీలో పిల్లలే సొంత మాటల్లో రాయాలి. పుస్తకంలోని వాక్యాన్ని యథాతథంగా ఎత్తిరాస్తే ఒప్పుకోవద్దు.

ఒక సూత్రం అలవాటయ్యాకే మరొకటి పరిచయం చేయండి. పిల్లలు చూడకుండానే చెప్పగలుగుతున్నప్పుడు గోడమీది చార్టు తీసేసి, కొత్త పేరా ఇచ్చి, దానికి ఏ సూత్రం సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో వారినే చెప్పమనండి.