దీపావళి పార్సిల్ పంపే ముందు బిల్లు చూసుకోండి

చెన్నైలో ఉంటూ పండక్కి ఊరికి చీరలు, పిల్లల బట్టలు పంపే మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ వానలు, పైన దీపావళి రద్దీ, పార్సిల్ ఎక్కడ తడుస్తుందో ఎక్కడ తప్పిపోతుందో అని టెన్షన్.

రెండేళ్ల కిందట టీ నగర్‌లో కొన్న పట్టుచీర అమ్మకి పంపాను, నెల్లూరు చేరనే లేదు. ఇన్సూరెన్స్ కట్టాను కదా అని ధీమాగా క్లెయిమ్ పెడితే, చీర ఖరీదుకి రుజువు చూపించమన్నారు. బీరువాలోంచి బిల్లు తీశాను, అది దాదాపు తెల్లకాగితం! షాపు పేరులో చివరి రెండు అక్షరాలు తప్ప అచ్చంతా వెలిసిపోయింది. చివరికి షాపుకెళ్లి బతిమాలితే నా ఫోన్ నంబర్ కొట్టి డూప్లికేట్ బిల్లు ఇచ్చారు, దాంతోనే డబ్బులొచ్చాయి.

అందుకే చెబుతున్నా, మెషీన్‌లోంచి వచ్చే ఆ నున్నటి బిల్లుని కొన్నరోజే ఫోటో తీయండి. యూపీఐలో కట్టాం కదా అనుకోవద్దు, అందులో ఎంత కట్టారో ఉంటుంది గానీ ఏం కొన్నారో ఉండదు, బిల్లుకి తోడుగా అయితే బాగా పనికొస్తుంది. మగ్గం వర్క్ జాకెట్ లాంటివైతే కుట్టినవాళ్ల చేత తేదీ, కూలి రాయించి సంతకం పెట్టించుకోండి, గుడ్డ కొన్న బిల్లు దానికి జత చేయండి. వాడిన ఫోన్ పంపితే, అది పోయినా కొన్న ధర రాదు, ఇప్పటి విలువే లెక్కగడతారు, కాబట్టి అదే మోడల్ పాతది ఇప్పుడెంతకి అమ్ముతున్నారో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

ప్యాక్ చేసేటప్పుడు వస్తువు, ట్యాగు, అట్టపెట్టె ఒకే ఫోటోలో పడాలి. ఆ చీర మీరు పంపిన పెట్టెలోనే ఉందనడానికి బిల్లొక్కటే సరిపోదు. పెట్టెని ఇంట్లో ఒకసారి తూచి ఫోటో తీస్తే, కౌంటర్ దగ్గర రసీదులో పడే బరువుతో దాన్ని పోల్చి చూపించొచ్చు, అదీ మీకో రుజువే.

కౌంటర్‌లో విలువ ఎంత అని అడిగితే ప్రీమియం మిగులుతుందని తక్కువ చెప్పకండి, రాయించిన దానికంటే పైసా ఎక్కువ రాదు. ఎక్కువ రాయించినా లాభం లేదు, అసలు విలువ వరకే ఇస్తారు. ఇన్సూరెన్స్ లేకుండా స్పీడ్ పోస్ట్‌లో పంపి పోగొట్టుకుంటే వచ్చేది, కట్టిన ఛార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, ఏది తక్కువైతే అది. పదివేల చీరకి అదేం సరిపోతుంది చెప్పండి!

క్లెయిమ్ ఎన్నాళ్లలోపు పెట్టాలో బుక్ చేసేటప్పుడే అడిగి రసీదు మీద రాసుకోండి. అవతలివాళ్లు పెట్టె విప్పి, అన్నీ ఉన్నాయని ఫోన్ చేసేదాకా ఆ రసీదు పారేయకండి.