కుట్టు కుదరడం లేదా? ముందు సామాను చూడండి

కుట్టు బాగా రాకపోతే 'ఇంకా చెయ్యి తిరగలేదు' అనుకుని ఊరుకుంటాం. చాలాసార్లు తప్పు చేతిది కాదు, సూదిదో దారానిదో ఫ్రేమ్‌దో అయి ఉంటుంది. చేత్తో చేసే ఎంబ్రాయిడరీలో తరచూ ఎదురయ్యే ఇబ్బందులు ఇవి.

దారం నూగు లేచి తెగిపోతోంది

సూది బెజ్జం ఇరుగ్గా ఉంటే లాగిన ప్రతిసారీ దారం ఒరుసుకుంటుంది. సూది మరీ సన్నదైతే గుడ్డలో పడే రంధ్రం కూడా చాలదు, దారం అక్కడా రాపిడికి గురవుతుంది. ఎంబ్రాయిడరీ సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఒకటి రెండు పోగులకు 8 లేదా 9 నంబరు, దారంలోని ఆరు పోగులూ కలిపి కుడితే 3 లేదా 4 సరిపోతాయి.

సూది మార్చినా తెగుతుంటే దారం పొడవు తగ్గించండి. మాటిమాటికీ దారం ఎక్కించే పని తప్పుతుందని బారెడు దారం తీసుకుంటే చివరి భాగం పాడవుతుంది. 45 సెంటీమీటర్లు చాలు. జరీ దారమైతే 30కి మించొద్దు, బెజ్జం కూడా కాస్త పెద్దదే ఉండాలి.

దారం చిక్కులు, ముడులు పడుతోంది

రెండు మూడు పోగులు ఒకేసారి లాగి విడదీస్తే చిక్కు ఖాయం. ఒక్కొక్క పోగునే పైకి లాగి, తర్వాత కలుపుకోండి. కుట్టేటప్పుడు దారం మెలి తిరిగితే సూదిని కిందికి వేలాడనివ్వండి, మెలి దానంతటదే విడిపోతుంది.

గుడ్డ ముడతలు పడుతోంది

అందరూ విసిగిపోయేది దీనితోనే. కారణాలూ ఎక్కువే. ముందు ఫ్రేమ్‌లో గుడ్డ బిగువు చూడండి. వేలితో తడితే డప్పులా పలకాలి. కాసేపటికే వదులవుతుంటే లోపలి రింగుకు నూలు టేపు చుట్టండి, గుడ్డ జారదు. బిగించేటప్పుడు నిలువు, అడ్డ పోగుల వెంటే లాగాలి. మూలల వైపు లాగితే గుడ్డ సాగి, ఫ్రేమ్ తీశాక డిజైన్ వంకరపోతుంది.

గుడ్డ బిగువుగానే ఉన్నా ముడతలు వస్తుంటే మీరు దారాన్ని ఎక్కువగా లాగుతున్నారు. దారం గుడ్డకు ఆనుకుంటే చాలు. ఒక పువ్వు నుంచి దూరంగా ఉన్న ఇంకో పువ్వుకు వెనక నుంచే దారం దాటించినా అదే గతి. అక్కడ తెంపి మళ్లీ మొదలుపెట్టండి. టీషర్ట్ లాంటి సాగే గుడ్డకైతే వెనక స్టెబిలైజర్ (గుడ్డ సాగకుండా ఆసరాగా వేసే పొర) లేకుండా కుట్టకపోవడమే మంచిది.

ఇప్పటికే ముడతలు పడితే పనిని తడిపి, మెత్తటి టవల్ మీద బోర్లా వేసి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయండి. కొంత సర్దుకుంటుంది. ఉతికాక గుడ్డే కుంచించుకుపోయి వచ్చిన ముడతలకు మాత్రం పెద్దగా మందు లేదు. కాటన్ గుడ్డను కుట్టకముందే ఉతికి ఆరేయాలి.

గుండ్రటి మచ్చ, తుప్పు మరక

పని ఆపినప్పుడల్లా ఫ్రేమ్ తీసేయండి, లేకపోతే దాని గుండ్రటి మచ్చ గుడ్డ మీద పడుతుంది. సూదిని గుడ్డకు గుచ్చి వదిలేయొద్దు, తుప్పు మరక ఒక పట్టాన పోదు.

గీసిన గీతలు పోవడం లేదు

నీళ్లతో చెరిగే పెన్నుతో గీసి, కడగకముందే ఇస్త్రీ చేస్తే గీత స్థిరపడిపోవచ్చు. ముందు చల్లటి నీళ్లతో బాగా కడగండి, తర్వాతే ఇస్త్రీ. వేడికి మాయమయ్యే పెన్నుది ఇంకో తంటా: బాగా చల్లబడితే గీత మళ్లీ కనిపించవచ్చు. ఇక ఆఫీసు కార్బన్ పేపర్ జోలికి అసలు పోవద్దు. గుడ్డల కోసమే చేసిన కార్బన్ వాడండి.

ఉతికితే రంగు అంటుకుంది

ఎరుపు, ముదురు నీలం దారాలతో ఈ భయం ఎక్కువ. రంగు దిగితే గుడ్డను ఆరనివ్వొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. తడిగా ఉండగానే చల్లటి నీళ్లు మారుస్తూ, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. కొత్త దారమైతే కుట్టకముందే ఒక ముక్క తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. రంగు అంటితే ఆ దారాన్ని ఉతకని వాటికి ఉంచుకోండి.