మొదటి పేజీలో టపా మొత్తం పెట్టాలా, కొంచెమే చూపాలా?

బ్లాగు తెరవగానే టపాలు పూర్తిగా కనబడాలా, నాలుగు వాక్యాలు చూపించి “ఇంకా చదవండి” అనాలా? చాలా బ్లాగుల్లో ఈ సంగతి తేల్చేది రాసేవాళ్ళు కాదు, వాళ్ళు ఎంచుకున్న థీమ్, అంటే బ్లాగు రూపాన్ని నిర్ణయించే అమరిక. థీమ్ మార్చిన మర్నాడు చూసుకుంటే టపాలన్నీ ముక్కలై ఉంటాయి, లేదా పది టపాలు ఒకదాని కింద ఒకటి చేరి పేజీ చాంతాడంత అయి ఉంటుంది. ఏది కావాలో ముందే తేల్చుకుంటే థీమ్ ఏదైనా దారికి తెచ్చుకోవచ్చు.

తేల్చుకోవడానికి మీ చివరి పది టపాల్లో ఒక్కోదానిలో ఎన్ని పదాలున్నాయో వరసగా రాసుకోండి. వర్డ్‌ప్రెస్ ఎడిటర్‌లో పైనున్న డాక్యుమెంట్ ఓవర్‌వ్యూ నొక్కి, అవుట్‌లైన్ ట్యాబ్‌లో చూస్తే లెక్క కనబడుతుంది. అన్నీ 300 పదాల లోపే ఉంటే మారు ఆలోచన లేకుండా పూర్తిగా చూపించండి. మిగిలిన రెండు వాక్యాల కోసం ఇంకో పేజీ తెరిపిస్తే చదివేవాళ్ళకు చిరాకు. అన్నీ 800 దాటితే కొంత భాగమే చూపడం మేలు. చిన్నవీ పెద్దవీ కలిసి ఉంటే, పూర్తిగా చూపే పద్ధతి పెట్టుకుని పెద్ద టపాలను మాత్రం, పెట్టిన చోట టపాను కోసి “ఇంకా చదవండి” లింకు చూపే మోర్ బ్లాక్‌తో మీ చేత్తో మీరే ఆపండి. ఎక్కువ బ్లాగులకు సరిపోయేది ఈ మూడో దారే.

కొంచెమే చూపిస్తే పేజీ వ్యూలు పెరుగుతాయన్న మాట నిజమే. కానీ చదవడం పెరిగిందని కాదు, అదే చదువు రెండు పేజీలుగా లెక్కకు వస్తోందని అర్థం. సెర్చ్ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది నేరుగా టపా పేజీలోనే దిగుతారు, వాళ్ళు మొదటి పేజీని చూడనే చూడరు. అసలైన లాభం వేరే ఉంది: ఏ టపాను ఎంతమంది తెరిచారో విడివిడిగా తెలుస్తుంది. పూర్తిగా చూపిస్తే ఆ ఆరా దొరకదు.

పేజీ బరువు కూడా చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌లో మొదటి పేజీకి మామూలుగా 10 టపాలు వస్తాయి. టపాకు నాలుగు బొమ్మలుంటే అవి 40 బొమ్మలు. లేజీ లోడింగ్ (కంటపడబోయేదాకా బొమ్మను దించకుండా ఆపడం) వాటిని కాస్త ఆలస్యం చేస్తుందంతే, కిందికి జరిపేకొద్దీ అన్నీ దిగుతాయి. పూర్తి టపాలు చూపేవాళ్ళు ఆ సంఖ్యను 5కి తగ్గించుకోవాలి.

ఇక అమర్చడం. వర్డ్‌ప్రెస్‌లో అందరూ పొరబడే చోటు ఒకటుంది. సెట్టింగ్స్‌లో రీడింగ్ పేజీ తెరిస్తే “ఫుల్ టెక్స్ట్”, “ఎక్సర్ప్ట్” (టపాలో కొంత భాగం లేదా దాని సారాంశం) అని రెండు ఎంపికలు కనబడతాయి. అది మొదటి పేజీ గురించి కాదు, ఫీడ్ గురించి, అంటే రీడర్ యాప్‌లలో చదువుకునేవాళ్ళకు బ్లాగు అందించే టపాల వరస గురించి. దాన్ని ఎన్నిసార్లు మార్చి సేవ్ చేసినా మొదటి పేజీ కదలదు. మొదటి పేజీ సంగతి థీమ్ చేతిలో ఉంటుంది.

బ్లాక్ థీమ్ (పేజీలను బ్లాకులతో ఎడిటర్‌లోనే మార్చుకోగల కొత్త తరహా థీమ్) అయితే అపియరెన్స్, ఎడిటర్, టెంప్లేట్స్ అని వెళ్ళి మొదటి పేజీకి అచ్చులాంటి బ్లాగ్ హోమ్ టెంప్లేట్ తెరవండి. అది లేకపోతే ఇండెక్స్. టపాల జాబితాను చూపే క్వెరీ లూప్ బ్లాక్ లోపల ఎక్సర్ప్ట్ బ్లాక్ ఉంటే కొంత భాగం, కంటెంట్ బ్లాక్ ఉంటే మొత్తం కనబడుతుంది. ఒకటి తీసేసి రెండోది పెడితే చాలు. ఎక్సర్ప్ట్ బ్లాక్‌కు ఎన్ని పదాలు చూపాలో అక్కడే మార్చుకోవచ్చు. పాత తరహా థీమ్ అయితే కస్టమైజ్‌లో బ్లాగుకు సంబంధించిన ఎంపిక ఉందేమో వెతకండి. లేకపోతే థీమ్ ఫైలులో ది_కంటెంట్ (the_content) అన్న చోట ది_ఎక్సర్ప్ట్ (the_excerpt) అని, లేదా అటుది ఇటు, మార్చాలి. ఈ మార్పు, అసలు థీమ్‌ను ముట్టుకోకుండా మార్పులను విడిగా ఉంచే చైల్డ్ థీమ్‌లోనే చేయండి. అసలు థీమ్‌లో చేస్తే తర్వాతి అప్‌డేట్‌తో కొట్టుకుపోతుంది.

వర్గాల పేజీలకు, సెర్చ్ ఫలితాల పేజీకి టెంప్లేట్లు వేరుగా ఉంటాయి. మొదటి పేజీ ఎలా ఉన్నా, అక్కడ మాత్రం కొంత భాగమే చూపించండి. అక్కడికొచ్చిన మనిషి ఏదో వెతుక్కుంటున్నాడు. మూడు మైళ్ళ టపా దాటితే గానీ రెండో శీర్షిక కనబడకపోతే అతనికి కష్టం.

ఎక్సర్ప్ట్ పెట్టి ఊరుకుంటే వర్డ్‌ప్రెస్ తనంత తానే టపాలోని మొదటి 55 పదాలు తీసుకుంటుంది. తీసుకునేటప్పుడు బొమ్మలు, లింకులు, పంక్తి విరుపులు అన్నీ వదిలేస్తుంది. కవిత రాసేవాళ్ళకు దీంతో పెద్ద దెబ్బ: పాదాలన్నీ కలిసిపోయి వచనమైపోతుంది. ఉపశీర్షికలు కూడా పక్క వాక్యానికి అతుక్కుంటాయి. “రెండో భాగం” అన్న ఉపశీర్షిక కింద “ఇల్లు కూలింది” అని మొదలుపెట్టారనుకోండి, మొదటి పేజీలో “రెండో భాగం ఇల్లు కూలింది” అని కనబడుతుంది. “చాలా రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను, ఈమధ్య పనుల ఒత్తిడి వల్ల...” అని మొదలయ్యే టపాలో ఆ 55 పదాలూ క్షమాపణలకే ఖర్చవుతాయి, విషయం ఏమిటో తెలియనే తెలియదు.

అందుకే ఎక్సర్ప్ట్ ఎంచుకుంటే దాన్ని చేత్తో రాయాలి. రాయడానికి తీరిక లేకపోతే టపా మొత్తం చూపడమే నయం. ఎడిటర్‌లో కుడివైపు పోస్ట్ ప్యానెల్‌లో ఎక్సర్ప్ట్‌కు చోటుంటుంది. 25 నుంచి 40 పదాలు చాలు. ఊరించడానికి రాయకండి, లోపల ఏముందో చెప్పండి. “మీ ఫోటోలు పోయాయా? కంగారుపడకండి!” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. “పాత హార్డ్ డిస్క్ నుంచి ఫోటోలు తీసుకోవడానికి ఏ కేబుల్ కావాలి, డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఎందుకు ఆపెయ్యాలి, కాపీ మధ్యలో ఆగితే ఏం చేయాలి” అంటే, అవసరమైనవాళ్ళు తెరుస్తారు, అక్కర్లేనివాళ్ళు ముందుకు సాగిపోతారు. ఇద్దరికీ మేలు చేసినట్టే.

కొన్ని థీముల్లో, బయట దొరికే స్క్రిప్టుల్లో పదాలు కాక అక్షరాలు లెక్కపెట్టి కోస్తారు. తెలుగుకు ఇది పనికిరాదు. “రాష్ట్రం” మనకు రెండక్షరాలే, కంప్యూటరుకు ఎనిమిది గుర్తులు. నాలుగో గుర్తు దగ్గర కోస్తే “రాష్” అని, ఆరో గుర్తు దగ్గర కోస్తే “రాష్ట్” అని పొల్లుతో వేలాడుతుంది. బైట్ల లెక్కన కోస్తే ఇంకా ఘోరం: యూటీఎఫ్-8 (కంప్యూటరు అక్షరాలను దాచుకునే పద్ధతి)లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, వాటి మధ్యలో కత్తి పడితే చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం వస్తుంది. కోత పడ్డ చోటు నుంచి వెనక్కి వచ్చి, చివరి ఖాళీ దగ్గర ఆపేలా స్క్రిప్టును సరిచేయించండి.

మోర్ బ్లాక్ వాడేవాళ్ళు దాన్ని రెండో పేరా తర్వాతో మూడో పేరా తర్వాతో పెట్టండి. విషయం ఏమిటో అప్పటికే తెలిసిపోయి ఉండాలి. పైన చూపినదానికి కనీసం రెట్టింపు కింద మిగలాలి, లేకపోతే కోయడం దండగ. దీనికో సౌకర్యం ఉంది: లింకు నొక్కితే, టపా ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే పేజీ తెరుచుకుంటుంది. ఎక్సర్ప్ట్‌తో అలా కాదు, టపా మొదటికి తీసుకెళ్తుంది. అందుకే ఎక్సర్ప్ట్‌లో టపా మొదటి వాక్యాలనే మళ్ళీ రాయకూడదు, చదివిందే చదివించినట్టు ఉంటుంది. ఎక్సర్ప్ట్ చూపే టెంప్లేట్‌లో మోర్ బ్లాక్ లింకు రాదని కూడా గుర్తుంచుకోండి.

“ఇంకా చదవండి” అన్న లింకులో టపా పేరు కూడా చేర్చండి. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్ళు లింకుల జాబితా తెరిస్తే పదిసార్లు “ఇంకా చదవండి” అనే వినబడితే వాళ్ళకు దారి దొరకదు.

ఎక్సర్ప్ట్‌లో బొమ్మలు రావు కనుక ప్రతి టపాకూ ఫీచర్డ్ ఇమేజ్ (టపాకు ముఖచిత్రం) పెట్టాలి. బొమ్మల సైజుల్లో, మామూలు అమరికలో, మీడియం అంటే 300 పిక్సెళ్ళు, లార్జ్ అంటే 1024. 150 పిక్సెళ్ళ థంబ్‌నెయిల్‌ను పెద్దగా సాగదీస్తే మసకగా కనబడుతుంది.

బ్లాగర్‌లో ఎడిటర్ పట్టీలోని జంప్ బ్రేక్, మోర్ బ్లాక్ చేసే పనే చేస్తుంది. పట్టిక మధ్యలోనో జాబితా మధ్యలోనో దాన్ని పెట్టకండి, తెరిచిన ట్యాగ్ మూతపడక కింది టపాల అమరిక చెదురుతుంది. వర్డ్ నుంచి అతికించిన టపా అయితే ముందు ఫార్మాటింగ్ తీసేయండి. కాంటెంపో, సోహో వంటి కొత్త థీములు జంప్ బ్రేక్ లేకపోయినా కొంత భాగమే చూపుతాయి. మొత్తం కావాలంటే థీమ్ మార్చుకోవడమే తేలిక.

ఫీడ్ మాత్రం పూర్తిగానే ఇవ్వండి. ఫీడ్ రీడర్‌లో మీ బ్లాగును చేర్చుకున్నవాళ్ళు మీ మాట కోసం ఎదురుచూసేవాళ్ళు, వాళ్ళకు అడ్డుగోడ కట్టకూడదు. వర్డ్‌ప్రెస్‌లో ఫుల్ టెక్స్ట్ పెడితే మోర్ బ్లాక్ ఉన్నా ఫీడ్‌లో టపా మొత్తం వెళ్తుంది. బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోని సైట్ ఫీడ్ దగ్గర “ఫుల్” అని ఎంచుకోండి. “అంటిల్ జంప్ బ్రేక్” అంటే అక్కడితో ఆగిపోతుంది.

మార్పులయ్యాక క్యాష్ (వేగం కోసం దాచిపెట్టిన పాత పేజీల కాపీలు) ఖాళీ చేసి, ఫోన్‌లో ప్రైవేట్ విండో తెరిచి చూడండి. లాగిన్ అయి ఉన్న మీకు కనబడే పేజీ, బయటివాళ్ళకు కనబడే పేజీ ఒకటి కాకపోవచ్చు. ఫీడ్ రీడర్లు పాత టపాలను దాచిపెట్టుకుంటాయి కనుక పాతవి చూసి మారలేదనుకోకండి. కొత్త టపా ఒకటి వేసి, దాన్నిబట్టి సరిచూసుకోండి.